ఈడైనా ఏమన్నా కొంటాడా?

అమెరికాలో ఈడైనా అని ఒక ఊరుంది. నేను కల్పించింది కాదు, మినియాపొలిస్ పొలిమేరలో బోర్డు మీద రాసే ఉంది. మావాడు కారు నెమ్మది చేసి "నాన్నా, ఇదే ఈడైనా" అన్నాడో లేదో, వెనక సీట్లోంచి వాళ్ళమ్మ అందుకుంది. "మీ నాయన ఈడైనా ఏమన్నా కొంటాడా?" ప్రొద్దుటూరు మనిషి, ఈడ, ఆడ అంటూనే పెరిగింది. ఆ ఊరి పేరుకు ఇంత సార్థకమైన వాక్యప్రయోగం అక్కడ పుట్టిపెరిగినవాళ్ళకు కూడా తట్టి ఉండదు.

నేను కొనలేదు. జనవరి నుంచి మూడు నెలలుగా కొనకుండానే ఉన్నాను.

బయట మైనస్ ఇరవై. ముక్కు ఉందో ఊడిందో చేత్తో తడిమి చూసుకోవాల్సిన చలి. వాకింగ్ మానొద్దని డాక్టరు చెప్పి పంపాడు కాబట్టి మావాడు ఆఫీసుకు పోతూ మా ఇద్దరినీ సౌత్‌డేల్ సెంటర్ అనే మాల్‌లో దింపి పోతాడు. అంగళ్ళు తెరవకముందే నడిచేవాళ్ళ కోసం తలుపులు తీసే ఆచారం అమెరికా మాల్స్‌లో చాలాచోట్ల ఉంది. రోజుకు నాలుగు చుట్లు తిరుగుతాం. మా వల్ల ఆ మాల్‌కు వచ్చిన రాబడి ఇప్పటివరకు సున్నా. అకౌంట్స్‌లో ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి, సున్నాలంటే నాకు గౌరవం. కాబట్టి ఈ సున్నా మీద మొదట్లో కొంత గర్వంగానే ఉండేవాణ్ణి. తర్వాత ఆ మాల్ చరిత్ర చదివాను. గర్వం పోయి బాధ్యత వచ్చింది.

దాన్ని కట్టిన ఆర్కిటెక్టు విక్టర్ గ్రూయెన్. 1903లో వియన్నాలో పుట్టిన యూదుడు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను మింగేశాక ప్రాణాలు దక్కించుకుని న్యూయార్కులో దిగాడు. జేబులో ఎనిమిది డాలర్లు, నోట ఇంగ్లిషు ముక్క లేదు. (మావాడు దిగినప్పుడు జేబులో ఎనిమిది వందలున్నాయి, అయినా వాళ్ళమ్మ నెల రోజులు ఏడ్చింది.) వియన్నాలో ఒక కాఫీ ముందు పెట్టుకుని పూటంతా కబుర్లు చెప్పే అలవాటున్న మనిషికి అమెరికా శివారు కాలనీలు చూసి గుండె చెరువైంది. ఇంట్లోంచి కారు, కారులోంచి ఇల్లు. వీధిలో పలకరించే నాథుడు లేడు. ఈ దేశానికి ఒక రచ్చబండ కట్టిపెట్టి పోదామనుకున్నాడు పాపం. అయితే రచ్చబండకు పెట్టుబడి ఎవరు పెడతారు? బట్టల అంగడివాళ్ళు పెట్టారు. కథ అక్కడే మలుపు తిరిగింది.

డేటన్ అనే పెద్ద అంగడి వాళ్ళు లెక్క వేయించారు. మినెసోటాలో హాయిగా బయట తిరిగి సరుకు కొనగలిగే వాతావరణం ఏడాదికి 126 రోజులేనట. మిగతాదంతా మంచో, వానో, ఉక్కపోతో. మనవాళ్ళైతే ఆషాఢం సేల్ బోర్డు పెట్టి ఊరుకునేవారు. గ్రూయెన్ ఊరుకోలేదు, ఏకంగా ఊరి మీదే కప్పు వేశాడు.

ఇక్కడ మనవాళ్ళకు అర్థమయ్యే మాట ఒకటి చెప్పాలి. ఆయన కట్టింది మండువా లోగిలి. బయటికి మొండి గోడలు. తలుపులూ కిటికీలూ, అంగళ్ళ అద్దాలూ అన్నీ లోపలికి తిరిగి ఉంటాయి. మధ్యలో పెద్ద మండువా, దాని చుట్టూ రెండంతస్తుల వసారాలు. తేడా ఒక్కటే. మన మండువాలో వాన పడుతుంది, చిలకలు వాలతాయి. ఆయన పైన మూత వేశాడు కాబట్టి చిలకల కోసం 21 అడుగుల పంజరం పెట్టించాల్సి వచ్చింది. ఏడాది పొడుగునా 24 డిగ్రీలు, ఉగాదికి ముందూ తర్వాతా వసంతమే. ఒకే కప్పు కింద డేటన్ వాళ్ళనూ, వాళ్ళ పోటీదారు డొనాల్డ్‌సన్ వాళ్ళనూ కూర్చోబెట్టాడు. తోడికోడళ్ళిద్దరికీ ఒకే వంటిల్లు ఇచ్చి గొడవ రాకుండా చూసిన ఘనత ఆర్కిటెక్చర్ చరిత్రలో ఇంకెవరికీ ఉన్నట్టు లేదు.

1956 అక్టోబరు 8న తలుపులు తెరిచారు. 2 కోట్ల డాలర్ల ఖర్చు, 72 అంగళ్ళు, 5,200 కార్లకు చోటు. మొదటి రోజే 75 వేలమంది వచ్చారంటారు. నెల తిరగ్గానే ఇంకో మహా ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ వచ్చి చూసి, పల్లె వీధిలో ఉండే అవలక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి, దాని అందం మాత్రం లేదని పెదవి విరిచాడు. గృహప్రవేశానికొచ్చి ఈశాన్యం తగ్గిందనే పెద్దమనిషి అన్ని దేశాల్లోనూ ఉంటాడు.

గ్రూయెన్ ప్లానులో మాల్ ఒక మూల మాత్రమే. 463 ఎకరాల్లో ఇళ్ళు, బడులు, ఆస్పత్రి, పార్కు, చెరువు, మధ్యలో ఈ మండువా. ఆస్పత్రి పక్కకు వచ్చింది. చెరువు స్థానంలో పార్కింగు వచ్చింది. మన ఊళ్ళలో చెరువును పూడ్చి వెంచర్ వేస్తారు, వాళ్ళు తవ్వకుండానే పూడ్చేశారు. ఈ విషయంలో మనకంటే ఒక అడుగు ముందున్నారని ఒప్పుకోక తప్పదు.

తర్వాత దేశమంతా ఇవే మొలిచాయి. జనానికి రచ్చబండ మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు. దీనికి అసలు కారణం తరుగు. ప్రొద్దుటూరులో పుట్టినవాడికి తరుగంటే చెప్పక్కర్లేదు. నగ మన మెడలో ఉంటుంది, తరుగు అంగడివాడి గల్లాపెట్టెలో ఉంటుంది. 1954లో అమెరికా పన్నుల చట్టం మారింది. అంతకుముందు కొత్త భవనానికి తరుగుదలను దాని ఆయుష్షు పొడుగునా ఏటా సమానంగా చూపాలి. ఇప్పుడు మొదటి ఏళ్ళలోనే పెద్ద మొత్తం చూపొచ్చన్నారు. అంటే అద్దెలు దండిగా వస్తుంటాయి, కాగితం మీద మాత్రం యజమాని దివాలా. ఆ నష్టాన్ని చూపించి వేరే ఆదాయం మీద పన్ను ఎగ్గొట్టొచ్చు, అదీ చట్టబద్ధంగా. తరుగు అయిపోయిందా, అమ్మేసి ఇంకో ఊరి పొలాల్లో ఇంకోటి కట్టు. లేని బంగారానికి తరుగు తీయడం మన కంసాలులకు కూడా చేతకాలేదు. ఈ సెక్షను చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఉద్యోగ జీవితమంతా వృథా అనిపించింది.

మాల్‌కు గండం కూడా ఇంట్లోనే పుట్టింది. డేటన్ వాళ్ళే 1962లో రోజ్‌విల్ అనే ఇంకో శివారులో టార్గెట్ పేరుతో చవక అంగడి తెరిచారు. మండువా లేదు, చిలకల్లేవు, తోపుడుబండిలో సరుకు వేసుకుని బయటపడటమే. ఆ బిడ్డ ఎంత బలిసిందంటే 2000లో కంపెనీ తన పేరునే టార్గెట్‌గా మార్చుకుంది. ఇంటిపేరు వల్ల కొడుక్కి పెళ్ళి అవుతుంది గానీ, కొడుకు పేరే ఇంటిపేరవడం ఇక్కడే చూశాను. 1992లో పక్కనే బ్లూమింగ్టన్‌లో మాల్ ఆఫ్ అమెరికా వెలిసింది. లోపలే రోలర్ కోస్టర్. మన తల్లిదండ్రులను విజిటర్ వీసా మీద రప్పించిన పిల్లలు తిరుపతితో పాటు అలిమేలు మంగాపురంలాగా తప్పక తిప్పే క్షేత్రం అదే. నేను వెళ్ళాను, రోలర్ కోస్టర్ కింద నిలబడి ఫోటో దిగాను, అక్కడా ఏమీ కొనలేదు.

ఆ తర్వాత ఫోనులో అంగళ్ళు వచ్చాయి. డెట్రాయిట్ శివారులో ఇదే గ్రూయెన్ 1954లో కట్టిన నార్త్‌లాండ్ 2015లో మూతపడింది. క్లీవ్‌లాండ్ పక్కన 1976లో బ్రహ్మాండంగా తెరిచిన రాండాల్ పార్క్ మాల్‌ను కూల్చి, ఆ స్థలంలో 2018లో అమెజాన్ గోడౌన్ పెట్టారు. అట్లాంటి గోడౌన్లలో ఏ పెట్టె ఏ బండెక్కాలో చెప్పే ప్రోగ్రాములు రాసేవాళ్ళలో మనవాళ్ళు లేకపోలేదు. మావాణ్ణి అడిగితే మాట మార్చాడు.

గ్రూయెన్ ఇవన్నీ చూడలేదు, చూసినంతవరకే కడుపు మండింది. 1968లో వియన్నా తిరిగి వెళ్ళిపోయాడు. తీరా ఆయన వెళ్ళిన ఊరి పొలిమేరలోనే 1976లో పెద్ద మాల్ ఒకటి లేచింది. 1978లో లండన్‌లో ప్రసంగిస్తూ, ఈ అక్రమ సంతానానికి నేను భరణం కట్టను అనే అర్థంలో తెగేసి చెప్పాడు. రెండేళ్ళకు కన్నుమూశాడు.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడ మొదలవుతుంది. ఆ మహానుభావుడి ఆశయాన్ని ఇవాళ నిలబెడుతున్నది ఎవరు? కొనేవాళ్ళు కాదు, వాళ్ళు ఇంట్లో కూర్చుని ఫోను నొక్కుతున్నారు. ఏమీ కొనకుండా మండువాలో తిరిగి, కూర్చుని, కబుర్లు చెప్పుకునే మేము. మేము పది మందిమి: నాలుగు జంటల అమెరికా రిటైర్డు దంపతులు, నేను, మా ఆవిడ. మొదటి రోజు నా మంకీ క్యాప్ చూసి ఎదురు వసారాలోంచి ఒక గొంతు "ఏవూరండీ మనది?" అని వినిపించింది కాబట్టి తెనాలి మాస్టారు పదకొండో సభ్యుడు. ఆయన మోకాలికి ఆపరేషను అయింది, రెండు చుట్లే తిరుగుతారు, మిగతా రెండూ మాట్లాడతారు.

కొననివాణ్ణి తక్కువగా చూసిన మాల్ గతి ఏమైందో మన దేశంలోనే చూశాం. 1999లో ముంబైలో క్రాస్‌రోడ్స్ తెరిచినప్పుడు సెల్‌ఫోనో క్రెడిట్ కార్డో చూపించు, లేదా 60 రూపాయలు కట్టి లోపలికి రా అన్నారు. ఆ నిబంధన నిలవలేదు. కొన్నేళ్ళకు మాల్ చేతులు మారింది, పేరూ మారింది. సౌత్‌డేల్ అంత అవివేకంగా లేదు. జేసీపెన్నీ అంగడి పోయిన చోట 2019లో పెద్ద జిమ్ పెట్టారు. పార్కింగు స్థలంలో అపార్టుమెంట్లు లేచాయి. గ్రూయెన్ అడిగిన ఇళ్ళు, అరవై ఏళ్ళు ఆలస్యంగా. జిమ్‌లో నడవడానికి డబ్బు కడుతున్నారు, అదే కప్పు కింద మేము ఊరికే నడుస్తున్నాం. ఈ లెక్కలోని తేడాను యాజమాన్యం దృష్టికి తేవడం మాకు క్షేమం కాదని తెనాలి మాస్టారి అభిప్రాయం.

మొన్న మూడో చుట్టులో మా ఆవిడ మండువా మధ్యలో ఆగి చుట్టూ చూసింది. "ఇంత లోగిలి కట్టుకున్నాడు, ముందర ఒక అరుగు ఎయ్యలేదేమి?" అంది. వియన్నా, మినెసోటా, ఫ్రాంక్ లాయిడ్ రైట్ అందరూ కలిసి పట్టుకోలేని లోపం అది. ఆ సాయంత్రమే యాజమాన్యానికి అర్జీ రాశాను. పడమటి ద్వారం దగ్గర, రేడియేటరు గాలి తగిలేట్టు, పదకొండు మంది కూర్చునే అరుగు ఒకటి వేయించవలెనని. ఇంగ్లిషు సరిచేసి పంపమని మావాడి చేతికిచ్చాను.

చదివాడు. జాలిగా నావైపు చూశాడు. "ఈ చలిలో రోజూ అంత దూరం ఎందుకు నాన్నా, ముందే చెప్పుంటే బాగుండేది" అంటూ ఫోను తీశాడు.

ట్రెడ్‌మిల్ గురువారం వస్తుందట, డెలివరీ ఉచితం. తెనాలి మాస్టారికి ఇంకా చెప్పలేదు.