కార్ఖానాదారు దానంలో బీడీల వాటా

మహారాష్ట్రలోని షోలాపూర్‌లో, తెలుగు నేతవాళ్లుండే పూర్వభాగ్‌లో, పేరున్న కార్ఖానాదారు కన్నుమూస్తే ఆ రోజు చుట్టుపక్కల సాంచెలు (మరమగ్గాలు) ఆగిపోతాయి. చౌరస్తాలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ లేస్తుంది. దాని మీద ఎప్పుడూ అవే మాటలు: కష్టజీవి, దాత, సమాజసేవకుడు. సంతాపసభలో ఆయన బడికి కట్టించిన గదులు, చేయించిన పెళ్లిళ్లు, గుడికిచ్చిన వెండి, పెట్టించిన అన్నదానాలు వరసగా చదువుతారు. వాటిలో అబద్ధమేమీ ఉండదు. కానీ ఆ డబ్బు ఎక్కడిదో ఏ సభలోనూ చెప్పరు. చద్దర్లు, టవళ్లు అమ్మితే వచ్చిందని అందరూ అనుకుంటారు. అందులో పెద్ద వాటా బీడీలదని నేనంటాను.

కరీంనగర్, నల్లగొండ, మెదక్, పాలమూరు పల్లెల నుంచి నేతపని తప్ప మరొకటి తెలియని కుటుంబాలు ఇక్కడికి ఎందుకు వచ్చాయో, 1877లో మొదలైన పాత మిల్లు, ఆ తర్వాతి లక్ష్మీ-విష్ణు మిల్లులు ఎలా మూతపడ్డాయో ఈ ఊరివాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు. వచ్చినవాళ్లలో కొందరు రెండు సాంచెలతో మొదలుపెట్టి పెద్ద షెడ్లకు ఎదిగారు. ఎదిగాక తమవాళ్లను మరిచిపోలేదు. పద్మశాలి శిక్షణ సంస్థ, కుచన్ హైస్కూలు, మార్కండేయ సహకార ఆసుపత్రి... ఇవన్నీ ఈ ఊరి తెలుగువాళ్లు చేయీ చేయీ కలిపి నిలబెట్టుకున్నవే. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడుకుంటూ పెరిగిన నేతవాళ్ల పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు అయ్యారంటే ఆ తరం పెద్దల పట్టుదల ఉంది. మా ఇంట్లో అందరం అలాంటి బడిలోనే చదువుకున్నాం. ఆ రుణం నేను కాదనను.

ఇక అసలు లెక్కకు వద్దాం. పూర్వభాగ్‌లో ఏ గల్లీలోనైనా ఒక ఇల్లు తీసుకోండి. మొగుడు జాకార్డ్ సాంచా మీద చద్దర్లు నేస్తాడు. పన్నెండు గంటల పాళీ. ఎన్ని చద్దర్లు దిగితే అంత కూలి. నూలు రాకపోతే లేదు, కరెంటు పోతే లేదు, జ్వరమొస్తే లేదు. పెళ్లాం తెల్లవారకముందే లేచి తడిపిన తునికాకు కత్తిరించి, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. వెయ్యి చుడితేనే రోజు కూలి. అప్పజెప్పే చోట నాసిరకమని పక్కన పడేసిన బీడీలకు పైసా రాదు. మా అమ్మమ్మ కళ్లు సరిగా కనపడనప్పుడు కూడా వేళ్ల లెక్కతోనే కట్టలు కట్టేది.

ఇంటి కిరాయి, రేషన్, పిల్లల ఫీజు ఎవరి డబ్బుతో నడిచాయో ఆ ఇళ్లలో పెరిగినవాళ్లందరికీ తెలుసు. ఆమె సంపాదన లేకపోతే అతను ఆ కూలికి ఆ సాంచా ముందు నిలబడేవాడా? ఎక్కువ అడిగేవాడు, లేదా మూట కట్టుకుని మరో మరమగ్గాల ఊరు భివండీకి పోయేవాడు. అంత తక్కువకు మనిషి దొరికాడంటే, అతని ఇంటి ఖర్చులో సగం మరొకరు మోశారు కాబట్టి. అలా కూలిలో మిగిలిన రూపాయే తర్వాత బడి గదిగా మారింది, గుడి మెట్టుగా మారింది, సామూహిక వివాహాల పందిరిగా మారింది. దాత జేబులోంచి తీసి ఇచ్చాడు, నిజమే. ఆ జేబు నిండడానికి వెయ్యి బీడీల లెక్క కూడా ఉంది.

నన్ను ఇంకా కలవరపెట్టేది మరొకటి. బీడీ కార్మికులకు 1966లో ఒక చట్టం వచ్చింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. దాంతో గుర్తింపు కార్డు, పిల్లలకు స్కాలర్‌షిప్, ఇంటికి సాయం దొరికాయి. అన్నీ సక్రమంగా అందాయని అనను, ప్రతిదానికీ మోర్చా తీయాల్సి వచ్చింది. కానీ ఆడమ్ మాస్టర్‌గా అందరికీ తెలిసిన మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడమ్ వెంట ఎర్రజెండా పట్టుకుని తిరిగి తిరిగి, ఈ ఆడవాళ్లు షోలాపూర్ పక్కనున్న కుంభారీలో 10 వేల ఇళ్లు సాధించుకున్నారు. కేంద్రం కొంత, రాష్ట్రం కొంత, కార్మికురాలు కొంత వేసుకున్న ఇళ్లవి. కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరు పెట్టుకున్న ఆ కాలనీని 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి అప్పగించారు. ఆ దారిలోనే 30 వేల ఇళ్ల రాయ్‌నగర్ మొదలైంది. అందులో 15 వేలను 2024 జనవరి 19న ప్రధాని మోదీ అప్పగించారు.

మరి సాంచా నడిపేవాడి సంగతి? పీఎఫ్ చట్టం 1952లోనే వచ్చింది. 20 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట పీఎఫ్ వర్తిస్తుంది. ఒకే షెడ్డును రెండు మూడు పేర్ల కింద చూపించి ఆ సంఖ్యకు చేరకుండా చూసుకునే పద్ధతి మనకెవరికీ కొత్త కాదు. అందుకే చాలా ఇళ్లలో కార్డున్నది ఆడమనిషి పేరు మీద. పాతికేళ్లు చద్దర్లు నేసి చెవులు వినపడకుండా పోయిన మగమనిషి దగ్గర తాను ఫలానా చోట పనిచేశానని చెప్పే కాగితం ముక్క కూడా లేదు. అతను పనిచేసిన షెడ్డు యజమానికి మాత్రం సమాజరత్న శాలువాలు కప్పారు.

కార్ఖానాదారుల కష్టం నీకేం తెలుసని అడిగేవాళ్లున్నారు. నూలు ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. కరెంటు బిల్లు చూస్తేనే టెన్షన్. షోలాపురీ చద్దర్‌కు భౌగోళిక గుర్తింపు ఉన్నా పానిపట్‌లో నేసిన నకలు అదే పేరుతో అమ్ముడుపోతోంది. పని కల్పించడమే పెద్ద సేవ అని వాళ్ల మాట. చిన్న కార్ఖానాదారు షెడ్డు మీదే కాపురముంటాడు, దుమ్ము అతనూ పీలుస్తాడు. ఇది నేనొప్పుకుంటాను. 2025 మే 18న అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీ పారిశ్రామిక వాడలో టవల్ కార్ఖానా తగలబడినప్పుడు యజమాని, ఆయన ఇంటివాళ్లు, కార్మికులు కలిపి 8 మంది పోయారు. మంట యజమాని ఎవరో, కూలి ఎవరో చూడలేదు. నేనంటున్నదీ అందుకే. షెడ్డుకు రెండో తలుపు పెట్టడం ఇద్దరి ప్రాణాలకూ అక్కరకొచ్చేదే. బడికి ఒక గది కట్టించే ఖర్చులో అది ఎంత?

ఇక్కడ ఒక మాట గురించి ఆగి చెప్పాలి. షోలాపూర్‌లో సమాజం అంటే కులం. మరాఠీలో సమాజ్ అన్న మాటను మనమూ అదే అర్థంలో వాడుకుంటున్నాం: పద్మశాలి సమాజ్, మరో సమాజ్. కాబట్టి సమాజసేవ అన్నప్పుడు అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ముందే ఖాయమైపోయింది. ఊరు వదిలి వచ్చిన కొత్తలో, మన భాష తెలిసినవాడు మరొకడు లేని చోట, కులం గొడుగయింది. దాన్ని తప్పు పట్టను. కానీ ఇవాళ సాంచా మీద నిలబడ్డవాళ్లలో ముస్లింలున్నారు, కన్నడిగులున్నారు, మరాఠీ వాళ్లున్నారు. బీడీ ఆడవాళ్లు దీన్ని మనకన్నా ముందే గ్రహించారు. కుంభారీ కాలనీలో తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ ఒకే గోడకు అటూ ఇటూ వినిపిస్తాయి. కులసంఘాలు వందేళ్లలో కట్టలేని ఊరిని వాళ్లు కట్టుకున్నారు. ఆ ఊరికి ఏ దాత పేరూ లేదు.

శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథం తీస్తాం. కులపెద్దలు జంధ్యాలు మార్చుకుని ముందు నడుస్తారు. ఆ పండగ ముందు చందాల పుస్తకం పట్టుకుని కొత్త భవనానికి సాయమడగడానికి పెద్దలు మా ఇంటికీ వస్తారు. ఈసారీ నా చేతనైనంత ఇస్తాను. ఇచ్చేముందు ఒక్కటి అడుగుతాను. అయ్యా, మీ షెడ్డులో ఎంతమంది పనిచేస్తున్నారు, అందులో ఎంతమందికి పీఎఫ్ కడుతున్నారు? ఆ రెండు అంకెలూ ఫ్లెక్సీ మీద మీ ఫొటో కింద వేయించండి.