పోస్టల్ బ్యాలెట్ కవరు గారికి, కేరాఫ్ 56 ఏపీఓ (సైనిక పోస్టాఫీసు)

మహారాజశ్రీ పోస్టల్ బ్యాలెట్ కవరు గారికి,

మాజీ హవల్దారు ఒకడు రాసుకున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగడం దండగ. తమరు ఎప్పుడూ దారిలోనే ఉంటారని నాకు తెలుసు.

మన మొదటి పరిచయం మీకు గుర్తుందో లేదో. 1999. కార్గిల్ యుద్ధం జూలైలో ముగిసినా మేము ద్రాస్ కొండల మీదే ఉండిపోయాం. సెప్టెంబరులో మా ఊళ్ళో లోక్‌సభకూ శాసనసభకూ కలిపి పోలింగు, అక్టోబరు 6న లెక్కింపు. తమరు మాత్రం దసరా కూడా వెళ్ళాక దయచేశారు. మంచుకు నాని, జిగురు ఊడి, ఒళ్ళంతా ముద్రలతో. విప్పితే కవరులో కవరు, పక్కన ఓటు కాగితం, ఈ ఓటు నాదేనని సంతకం పెట్టే డిక్లరేషన్, వీటన్నిటినీ ఏ వరసలో మడిచి ఎందులో పెట్టాలో చెప్పే ఇంకో కాగితం. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలిచాను. అప్పటికి గెలిచినవారు ప్రమాణస్వీకారం చేసి శాఖలు కూడా పంచుకున్నారు. మా వంటవాడు కాగితం మందం వేళ్ళతో నలిపి చూసి మెచ్చుకున్నాడు. ఆ రాత్రి చలి కాచుకునే బుఖారీ పొయ్యి తమరితోనే అంటించాం. ప్రజాస్వామ్యం ఎంత వెచ్చగా ఉంటుందో నాకు తెలిసింది అప్పుడే.

తమరి కష్టాలు నాకు తెలియనివి కావు. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిస్తే గాని అభ్యర్థుల పేర్లు ఖాయం కావు. ఆ తర్వాత పోలింగుకు మిగిలేది పక్షం రోజులో, మరి కాసిని రోజులో. ఆ రోజుల్లో ఈలోగా తమరు అచ్చై, టపా ఎక్కి, ఫీల్డ్ పోస్టాఫీసు చేరి, కంచరగాడిద వీపు మీద కొండెక్కాల్సి వచ్చేది. ఇప్పటికీ మళ్ళీ దిగి, లెక్కింపు రోజు ఉదయం 8 గంటలలోపు రిటర్నింగ్ అధికారి బల్ల మీద వాలాలి. ఒక్క నిమిషం దాటినా కట్ట కట్టి పక్కన పడేస్తారు. చిత్రమేమిటంటే, ఆ రోజు అందరికంటే ముందు లెక్కపెట్టేది తమరినే. ఆలస్యంగా వచ్చే చుట్టానికి మొదటి పంక్తిలో విస్తరి వేసినట్టుంది.

మీ తాతల కాలంలో ఇంత అన్యాయం లేదు. 1864లో అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా ఇండియానా రాష్ట్రంలో సైనికుడు శిబిరం నుంచి ఓటు వేసే చట్టమే లేదు. లింకన్ ఏం చేశాడు? వీలైతే ఆ రాష్ట్రపు సైనికులను ఓటుకు ఇంటికి పంపమని జనరల్ షెర్మన్‌కు స్వయంగా ఉత్తరం రాశాడు. 1945లో బ్రిటన్ జూలై 5న ఓటేసి, పెట్టెలకు తాళాలు వేసి, 26 దాకా లెక్కించకుండా కూర్చుంది. విదేశాల్లో ఉన్న సైనికుల ఓట్లు వచ్చి చేరాలని. దేశమంతా మూడు వారాలు తమరి కోసం ఎదురుచూసింది! చేరాక తేలింది, యుద్ధం గెలిపించిన చర్చిల్ ఓడిపోయాడని. బర్మాలో ఆ తెల్ల సైనికుల పక్కనే పోరాడిన మన భారతీయ సైనికుడికి ఆ ఎన్నికలో ఓటు లేదు. పశ్చిమ గోదావరిలోని మా మిలిటరీ మాధవరం నుంచి కూడా ఆ యుద్ధానికి వందల మంది వెళ్ళారు. వాళ్ళకు తమరి ముఖం చూసే యోగం పట్టలేదు.

తమరితో వేగలేమని 2003లో ప్రభుత్వమే ఇంకో దారి చూపింది. సైనికుడు తన బదులు ఊళ్ళో ఒకరిని ప్రతినిధిగా నియమించి ఓటు వేయించవచ్చు. నేను మా ఆవిడ పేరు రాసి కమాండింగ్ అధికారి ఎదుట సంతకం పెట్టాను. 2004లో ఆవిడ తన ఓటుకు చూపుడువేలికి, నా ఓటుకు మధ్యవేలికి సిరా పూయించుకుని వచ్చింది. నేను చెప్పినవాడికే వేశానని ఫోనులో ఒట్టు పెట్టింది. సెలవుకు వచ్చాక మళ్ళీ అడిగితే, ఓటు రహస్యమంది. ఇప్పటికీ అదే మాట.

రహస్యమంటే గుర్తొచ్చింది. తమరి కడుపులోని ఓటు రహస్యమే. పైనున్న డిక్లరేషన్ మీద మాత్రం అధికారి ధ్రువీకరణ ఉండాలి. లేకపోతే లోపలి కవరు తెరవనే తెరవరు. 2024లో మా ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి డిక్లరేషన్ మీదే, అధికారి సంతకం ఉంది గాని ముద్ర లేదు, చెల్లుతుందా చెల్లదా అని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. అవి ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగుల ఓట్లు లెండి. ముద్రకు సైనికుడని జాలి ఉంటుందా?

2016 నుంచి తమరికీ రెక్కలొచ్చాయి. బ్యాలెట్ కంప్యూటర్‌లో వస్తుంది, ఓటీపీ కొట్టి ముద్రించుకోవచ్చు. అబద్ధం చెప్పకూడదు, గుణం కనిపించింది. 2014లో సర్వీసు ఓటర్లలో, అంటే మాలాంటివారిలో, దాదాపు 4 శాతమే ఓటు వేయగలిగితే, 2019లో 18 లక్షల మందికి గాను 10.84 లక్షల కవర్లు తిరిగొచ్చాయి. 60 శాతం! కానీ వచ్చేటప్పుడు గాలిలో వచ్చిన తమరు తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ టపా సంచిలోనే వెళ్తారు. అల్లుణ్ణి కారులో పిలిపించి ఎడ్లబండిలో సాగనంపినట్టు.

ఇంకో ముచ్చట. సైనికుడి వెంట ఉన్న భార్య కూడా సర్వీసు ఓటరు కావచ్చని చట్టంలో ఎప్పటినుంచో ఉంది. సైన్యంలో ఉన్నది భార్య అయితే, వెంట ఉన్న భర్త? చట్టంలో ఆయన ఊసే లేదు. ‘భార్య’ అన్న మాట తీసి ‘జీవిత భాగస్వామి’ అని రాయడానికి 2021 దాకా పట్టింది. ఆ సవరణ కాగితం కూడా తమరి సంచిలోనే ప్రయాణం చేసి ఉంటుంది.

నేను ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాను. వరుసలో నిలబడి, నా వేలికి నేనే సిరా పూయించుకుంటున్నాను. మా అన్నగారి అబ్బాయి మాత్రం సరిహద్దులో ఉన్నాడు. 2024 మే నెలలో కవరు పంపించానని ఫోను చేశాడు. అది చేరిందా? లెక్కలోకి వచ్చిందా?

ఈ సంగతి తిరుగు టపాలో తెలియజేయవలెను. ఉదయం 8 గంటలు దాటాక వస్తే నేనూ తలుపు తీయను.

ఇట్లు,
తమరి పాత చిరునామాదారుడు