‘ఇంగ్’ గారికి బహిరంగ లేఖ

ఇంగ్లీషు క్రియలకు తోకలా వేలాడే ‘ఇంగ్’ గారూ,

ఉద్యోగం గురించి మావాళ్లు ఇంగ్లీషులో ఒక్క ముక్క మొదలుపెడితే చాలు, పిలవని పేరంటానికి వచ్చి కూర్చుంటారు మీరు. అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీషు కోచింగులకు ఫీజు కట్టి బయటికొచ్చినవాళ్ల రెజ్యూమేల్లోనూ మీరే.

రెవెన్యూ శాఖలో పాతికేళ్ల సర్వీసున్న పెద్దమనిషి, పీఆర్సీలూ ఇంక్రిమెంట్లూ చూసినవాడు, "ఐ యామ్ వర్కింగ్ ఇన్ రెవెన్యూ డిపార్ట్‌మెంట్" అంటాడు. మీ వ్యాకరణం లెక్కన ఆ మాటలో ‘ప్రస్తుతానికి ఇక్కడున్నా, రేపటి సంగతి తెలీదు’ అన్న ధ్వని ఉంటుంది. స్థిరమైన ఉద్యోగానికి "ఐ వర్క్" చాలు. అంటే ఒక్క తోక తగిలించి ఆయన్ని కాంట్రాక్టు ఉద్యోగిని చేసేశారన్నమాట! అవతల, రెగ్యులరైజ్ చేయండి మొర్రో అని ధర్నాలో కూర్చున్న కాంట్రాక్టు లెక్చరర్ కూడా "ఐ యామ్ వర్కింగ్" అనే అంటాడు. పాపం, ఆయన విషయంలో మాత్రం మీరు నూటికి నూరుపాళ్లు కరెక్టు.

ఇక "ఐ యామ్ హావింగ్ ఎక్స్‌పీరియన్స్" ఒకటి. హావింగ్ అంటే టిఫిన్ దగ్గర బాగుంటుంది, ఇడ్లీ తింటూ ఉంటాం కాబట్టి. అనుభవం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, దాన్ని ప్లేట్లో పెట్టుకుని నములుతూ కూర్చోం కదా. "ఐ హావ్" అంటే అయిపోయేదానికి మీరెందుకు సార్ మధ్యలో?

మీ జిగ్రీ దోస్తు సిన్స్ సంగతీ చెప్పాలి. "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అని ఇద్దరూ జంటగా దిగుతారు. తెలుగులో ‘నుంచి’ మంచిది, 2019 నుంచి అన్నా ఐదేళ్ల నుంచి అన్నా సర్దుకుపోతుంది. సిన్స్‌కి అంత ఓర్పు లేదు, పక్కన మొదలైన తేదీయో ఏడాదో సందర్భమో ఉండాల్సిందే, ఎంతకాలం అనేది ఫర్ చూసుకుంటుంది. "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్", అదీ వాక్యం. చూశారా, ఇక్కడ మిమ్మల్ని పొమ్మనలేదు. వచ్చేటప్పుడు ఆ ‘హావ్ బీన్’ని వెంటబెట్టుకు రండి, అంతే.

అన్నట్టు, మా ఆఫీసు లిఫ్టుకి "నాట్ వర్కింగ్" అని అట్టముక్క కట్టారు. అక్కడ మీరు సరిగ్గానే ఉన్నారు, ప్రస్తుతానికి పనిచేయట్లేదు అనేగా అర్థం. నాలుగో అంతస్తు ఎక్కుతూ మేమూ అదే ఆశతో ఉన్నాం.

ఇట్లు,
మీ తోకలు కత్తిరించే ఒక గుమస్తా