సవరణ: కెపాసిటర్‌లో నిల్వ ఉండే శక్తి సగమే

కెపాసిటర్ అంటే రెండు పలకలపై విద్యుదావేశాన్ని నిల్వ ఉంచే పరికరం. అందులోని విద్యుదావేశాన్ని వోల్టేజితో గుణిస్తే నిల్వ ఉన్న శక్తి వస్తుందని నిన్న రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల ప్రకారం ఆ లబ్ధంలో సగమే నిల్వ శక్తి. ఛార్జింగ్ మొదలైనప్పుడు పలకల మధ్య వోల్టేజి సున్నా. ఆవేశం చేరేకొద్దీ అది పెరుగుతుంది, కాబట్టి లెక్కలోకి వచ్చేది సగటు వోల్టేజి.

1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌ను 10 వోల్టుల బ్యాటరీతో నేరుగా ఛార్జి చేస్తే అందులో నిలిచేది 0.05 జౌళ్లు, నేను చెప్పిన 0.1 కాదు. బ్యాటరీ మాత్రం 0.1 జౌళ్లూ ఇస్తుంది! మిగతా సగం ప్రధానంగా తీగల నిరోధంలో వేడిగా మారిపోతుంది. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఇదే: నిరోధాన్ని తగ్గిస్తే ఛార్జింగ్ త్వరగా ముగుస్తుంది గానీ ఆ నష్టం తగ్గదు.

పలకల మధ్య విద్యుత్ క్షేత్రం గురించి నిన్న రాసిన భాగంలో మార్పు లేదు.