లేని తీగకు బహిరంగ లేఖ

శ్రీయుత వర్చువల్ మిడి తీగ గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. మీ క్షేమం విచారిద్దామంటే మీరు ఎక్కడా కనబడరు. రాగి లేదు, తొడుగు లేదు, చివర అయిదు సూదుల పిన్ను లేదు. కంప్యూటర్ వెనక్కి వంగి ఎంత వెతికినా దుమ్ము తప్ప ఏమీ దొరకదు. మిడి అంటే సంగీత పరికరాలూ ప్రోగ్రాంలూ 'ఈ స్వరం మొదలు, ఈ స్వరం ఆపు' అని ఒకదానికొకటి చెప్పుకునే భాష, మీరేమో ఆ మాటలను ఒక ప్రోగ్రాం నుంచి ఇంకొకదానికి మోసే, సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే ఉన్న తీగ. అయినా ఒక ప్రోగ్రాం సెట్టింగుల్లో 'అవుట్' దగ్గరా, ఇంకొక ప్రోగ్రాంలో 'ఇన్' దగ్గరా మీ పేరు దర్జాగా వెలుగుతూ ఉంటుంది.

మీది పెళ్లిళ్ల పేరయ్య వృత్తి. అటువైపు వరుడు నొటేషన్ ప్రోగ్రాం: సిబీలియస్, డోరికో, మ్యూజ్‌స్కోర్, పేరు ఏదైతేనేం. స్వరాలను అచ్చులో అందంగా పేర్చడంలో దిట్ట. ఇటువైపు వధువు పైప్ ఆర్గన్. సాక్షాత్తూ ఆర్గన్ కాదు, దాని గొంతును గొట్టం గొట్టం చొప్పున రికార్డు చేసి కంప్యూటర్‌లోకి తెచ్చిన రూపం. ఆ రూపాన్ని హాప్ట్‌వెర్క్ డబ్బు తీసుకుని పలికిస్తుంది, గ్రాండ్‌ఆర్గ్ ఉచితంగా పలికిస్తుంది. ఈ ఇద్దరినీ కలిపిన ఘనత మీది. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి మీరు ఏమి చెప్పారో గానీ, నిజం మాత్రం చెప్పలేదు.

వధువు వంశం మామూలుది కాదు. నెదర్లాండ్స్‌లోని జ్వోల్లె పట్టణంలో సెయింట్ మైకేల్ చర్చి ఆర్గన్ ఉంది. ప్రఖ్యాత నిర్మాత ఆర్ప్ ష్నిట్గర్ 1719లో కన్నుమూస్తే, ఆయన కొడుకులు 1721లో పూర్తి చేశారు. ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో విలియం ది కాంకరర్ సమాధి ఉన్న సెయింట్ ఎటియెన్ చర్చిలో ఆర్గన్ నిర్మాత కవయ్యే-కోల్ 1885లో కట్టిన ఆర్గన్ ఉంది. రెండింటినీ ప్రాగ్‌కు చెందిన సోనస్ పారడీసి సంస్థ రికార్డు చేసింది. ఇలాంటి పని చేసేవాళ్లు చాలాసార్లు వీధి సద్దుమణిగాక, రాత్రిపూట మైకులు పెడతారు. ఒక్కొక్క గొట్టం పలకడం ఎలా మొదలవుతుందో, నిలకడగా ఎలా సాగుతుందో, మీట వదిలాక ఆ ధ్వని రాతి గోడల మధ్య ఎలా కరిగిపోతుందో పట్టుకుంటారు. పొట్టిగా నొక్కి వదిలితే వచ్చే తోక వేరు, చాలాసేపు పట్టి వదిలితే వచ్చే తోక వేరు. అందుకని వాటిని విడివిడిగా తీస్తారు. వేల గొట్టాల ఈ సంపదంతా కంప్యూటర్ మెమరీలోకి ఎక్కుతుంది. ఎక్కేలోపు కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి కూడా రావచ్చు.

ఇంత సంపన్నురాలి దగ్గరకు మీరు మోసుకువెళ్లే సందేశం ఎంతటిది? మూడు బైట్లు. ఏ ఛానెల్, ఏ స్వరం, ఎంత గట్టిగా నొక్కారు. అంతే. మీ పూర్వీకులు, అంటే అసలు రాగి తీగలు, 1983లో సింథసైజర్ల మధ్య ఈ భాష మాట్లాడటం మొదలుపెట్టారు. అక్కడ 'ఎంత గట్టిగా' అన్నది ముఖ్యమే. నొటేషన్ ప్రోగ్రాం కూడా 'మెల్లగా' అన్న గుర్తు కనిపిస్తే చిన్న అంకె, 'బిగ్గరగా' అన్న గుర్తు కనిపిస్తే పెద్ద అంకె, 127 దాకా, ఎంతో శ్రద్ధగా లెక్కకట్టి మీ చేతిలో పెడుతుంది. మీరు దాన్ని ఆర్గన్‌కు అందిస్తారు. ఆర్గన్ పక్కన పడేస్తుంది. గొట్టానికి తెలిసింది రెండే స్థితులు, గాలి వచ్చింది, గాలి ఆగింది. (పాత యాంత్రిక ఆర్గన్లలో వేలి స్పర్శను బట్టి స్వరం మొదలయ్యే తీరు కాస్త మారుతుందని వాదించేవారు ఉన్నారు. వారితో నాకు పేచీ లేదు. కానీ గుసగుసకూ గర్జనకూ మధ్య తేడా అలా రాదు.) నేను నాలుగు బార్ల పొడవునా గీసిన క్రెషెండో, అంటే ధ్వని క్రమంగా పెంచమనే గుర్తు, తెర మీద అందంగా విచ్చుకుంటుంది. చెవికి మాత్రం నాలుగు బార్లూ ఒకే ఎత్తులో ఉంటాయి.

ఆర్గన్‌లో ధ్వని పెరగాలంటే గొట్టాల పెట్టె తలుపులు తెరవాలి, లేదా మరిన్ని స్టాపులు లాగాలి. మీరు హార్మోనియం చూసి ఉండరు. దాని ముందు బొడిపెలు ఉంటాయి, లాగితే ఆ వరుస రీడ్లకు గాలి దారి తెరుచుకుంటుంది. ఆర్గన్‌లో అదే ఏర్పాటు, కాకపోతే డజన్ల కొద్దీ. ఆ స్టాపుల పేర్లు, గొట్టం పొడవుతో సహా, ఇలా ఉంటాయి: ప్రిన్సిపల్ 8 అడుగులు, ఫ్లూట్ 4 అడుగులు, కాళ్లతో నొక్కే పెడల్‌కు బూర్దాన్ 16 అడుగులు, పైన మిక్స్‌చర్. నేను స్వరపత్రం మీద ఇవన్నీ చక్కగా టైపు చేస్తాను. మనిషి అయిన ఆర్గనిస్టు చదివితే చెయ్యి చాపి లాగుతాడు, చెయ్యి ఖాళీ లేకపోతే పక్కన నిలబడ్డ సహాయకుడు లాగుతాడు. మీ వరుడికి మాత్రం అది సిరా. దాన్ని ఆజ్ఞగా మార్చాలంటే, సిబీలియస్‌లో అయితే ముందు ఒక అల గుర్తు పెట్టి, అక్షరమూ అంకెలూ రాసి, ఆ రాతను అచ్చులో కనబడకుండా దాచాలి. సంగీతం రాయడానికి కూర్చున్నవాణ్ణి మీరు రహస్య లిపి గుమాస్తాగా మార్చేశారు.

ఆ అంకెల్లోనూ మీ తిరకాసు ఒకటి. ఏ అంకెకు ఏ వాయిద్యమో చెప్పే 1991 నాటి జనరల్ మిడి పట్టికలో చర్చి ఆర్గన్‌ది 20వ స్థానం. కానీ మీ లోపల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి అది 19గా ప్రయాణిస్తుంది. ప్లే నొక్కగానే వరుడు మర్యాదకొద్దీ 'నేను చర్చి ఆర్గన్‌ను' అని ఆ సంఖ్యను ఒకసారి పంపుతాడు. అదే సంఖ్యకు ఆర్గన్‌లో ఎవరైనా ఒక పిస్టన్‌ను, అంటే ఒక్క నొక్కుతో అనేక స్టాపులను లాగే బొత్తాన్ని, ముడిపెట్టి ఉంటే, మృదువుగా మొదలుకావలసిన ప్రార్థనా సంగీతం సమస్త ట్రంపెట్లతో మొదలవుతుంది. ఇక పదో ఛానెల్‌ను అదే జనరల్ మిడి డ్రమ్ములకు రాసిచ్చింది. దాని గురించి నేనేమీ మాట్లాడను.

అయినా ఇవన్నీ సర్దుకోవచ్చు. ఒక సాయంత్రం పోతుంది, అంతే. సర్దుకోలేనిది మరొకటి ఉంది. ఈ కాపురంలో వినేవాళ్లు లేరు.

కాన్ చర్చిలో మీట వదిలాక ధ్వని వెంటనే పోదు, కొన్ని సెకన్లు గాలిలో నిలుస్తుంది. అక్కడ కూర్చున్న ఆర్గనిస్టు ఆ గోడలకు చెవి ఒప్పగించి వాయిస్తాడు. ఒకే స్వరవాక్యాన్ని ఒక గొంతు తర్వాత ఇంకొకటి అందుకునే ఫ్యూగులో గొంతులు ముద్ద అవుతున్నాయనిపిస్తే వేగం తగ్గిస్తాడు. ఒకే స్వరం వెంటవెంటనే రెండుసార్లు రావాలంటే మొదటిదాన్ని కాస్త ముందే వదిలేసి, మధ్యలో వెలుతురు పడనిస్తాడు. విరామం వస్తే అది కాగితం మీద ఒక బీటే కావచ్చు, పైకప్పు కింది మోత సన్నబడేదాకా ఆగుతాడు. పెడల్‌లోని పెద్ద గొట్టాలు గాలి నింపుకుని పలకడానికి కాస్త సమయం తీసుకుంటాయని అతని పాదానికి తెలుసు, అందుకే ఒక వెంట్రుకవాసి ముందే నొక్కుతుంది.

మీ వరుడికి ఇవేమీ తెలియవు. ఆయన అన్ని స్వరాలనూ ఒకే శాతం మేర పొట్టి చేస్తాడు, చర్చి చిన్నదైనా పెద్దదైనా. బీటు అంటే బీటే. రికార్డు చేసినవాళ్లేమో పెద్ద గొట్టాల బద్ధకాన్ని కూడా నమ్మకంగా పట్టుకున్నారు. దాంతో అంతా సరిగ్గా ఒకే క్షణంలో పంపినా, పెడల్ పాపం ప్రతిసారీ ఆఖరి బస్సు అందుకున్నట్టు వస్తుంది. మనవాళ్లు విని 'శాంపిల్స్ (రికార్డు చేసిన ఆ ధ్వనులు) బాగాలేవు' అంటారు. శాంపిల్స్ బ్రహ్మాండంగా ఉన్నాయి. వాయించినవాడికి చెవులు లేవు.

చెవులే కాదు, చేతులూ లేవు. ఆర్గనిస్టుకు రెండు చేతులు, రెండు పాదాలు. మీ వరుడికి అలాంటి పరిమితులేమీ లేవు కాబట్టి, ఎడమచేతికి పన్నెండో స్వరం దాటే దూరం రాసినా నిరాటంకంగా వాయించి చూపిస్తాడు. అది విని మురిసిపోయి, ఏ మనిషీ వాయించలేని సంగీతాన్ని ముద్రించి చర్చికి పంపే స్వరకర్తలు తయారవుతున్నారు. ఇక పాత ఆర్గన్లలో కొన్నింటికి అట్టడుగు సప్తకంలో కొన్ని మీటలే ఉండవు. ఖర్చు, చోటు తగ్గుతాయని మేస్త్రీలు ఆ గొట్టాలను మానేశారు. అలాంటి ఆర్గన్ శాంపిల్స్ ముందు పెట్టుకుని అక్కడొక సి షార్ప్ రాస్తే, వరుడు పంపుతాడు, మీరు అందిస్తారు, ఆమె పలకదు. దోషం ఉందని ముగ్గురిలో ఒక్కరూ చెప్పరు.

రెండు గొంతులు ఒకే మీట మీద కలిసినప్పుడు చాలాసార్లు జరిగేది ఇంకా ఘోరం. ఒక గొంతు ఆ స్వరాన్ని పొడవుగా పట్టుకుని ఉంటుంది, ఇంకొకటి తాకి వెళ్లిపోతుంది. మనిషి అయితే వేలు తీయడు. మీరు 'వదిలెయ్' అన్న సందేశాన్ని ముక్కు సూటిగా అందిస్తారు, పొడవుగా పట్టుకున్నవాడి నోరూ మూతబడుతుంది. దీనికి తిరగబడ్డ జబ్బు కూడా ఉంది. మధ్యలో ఏదైనా ఆగి 'వదిలెయ్' అన్న సందేశమే చేరకపోతే, ఆ గొట్టం అలా మోగుతూనే ఉంటుంది. అసలు ఆర్గన్లకూ ఈ రోగం ఉంది. అక్కడ మరమ్మతు చేసేవాడు నిచ్చెన ఎక్కి లోపలికి దూరి ఆ గొట్టాన్ని పీకేస్తాడు. ఇక్కడ ఎక్కడికి ఎక్కను?

ఇన్ని కష్టాలు పడి చివరకు ఆడియోగా దాచుకుందామని నొటేషన్ ప్రోగ్రాంలో 'ఎక్స్‌పోర్ట్' నొక్కితే, శబ్దం లేని ఫైలో, లేదా దాని సొంత బొంగురు ఆర్గనో వస్తుంది. ధ్వని పుట్టింది అత్తవారింట్లో, ఈయనకు అది వినబడదు. రికార్డింగ్ మీట అవతలి ప్రోగ్రాంలో ఉంటుంది. అది నొక్కి, పరుగెత్తి ఇటు వచ్చి ప్లే నొక్కాలి.

అయినా వరులూ కలకాలం ఉండరు. 1988లో పుట్టిన నొటేషన్ ప్రోగ్రాం ఫినాలేకు 2024 ఆగస్టులో ఇక సెలవు ప్రకటించారు. మీరు మాత్రం ఎవరు వచ్చినా ఎవరు పోయినా మధ్యలో ఉంటారు.

అందుచేత నేనొక నిర్ణయానికి వచ్చాను. రాసేటప్పుడు వరుడి సొంత గొంతుతోనే సరిపెట్టుకుంటాను. రాత పూర్తయ్యాక మిడి ఫైలుగా తీసి, వేగాలను, స్వరాల పొడవులను గోడలు వింటూ చేత్తో సవరించి, నేరుగా ఆర్గన్ ప్రోగ్రాంలో తెరుస్తాను. మీ కమీషన్ పోయినందుకు విచారిస్తున్నాను.

ఇట్లు,
మూడు వరుసల స్వరపత్రం ముందు కూర్చున్న మీ విధేయుడు

తా.క.: ఈ లేఖ రాయడం మొదలుపెట్టినప్పుడు ప్లేబ్యాక్ మధ్యలో ఆపాను. పెడల్‌లో 16 అడుగుల సి ఇంకా మోగుతోంది. ఉద్యోగం వదిలే ముందు ఆ ఒక్క మూడు బైట్లూ అందించి వెళ్లగలరు.