ఆరుగురి భాషకి గ్రామర్ ఎందుకని అడిగిన మా బాబాయికి

మొన్న పెళ్ళి భోజనాల దగ్గర మా బాబాయి అడిగారు, ఏమ్మా, ఎక్కడో దీవిలో అరడజను మంది ముసలాళ్ళు మాట్లాడే భాషకి ఒకాయన ఏళ్ళు ధారపోసి గ్రామర్ పుస్తకం రాశాడంటే అది టైమ్ వేస్ట్ కాదా, ఆ భాష పోతే ఏం పోతుంది అని. విస్తరి ముందు సరిగ్గా చెప్పలేకపోయాను, రెండ్రోజులుగా లోపల ఉడుకుతూనే ఉంది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఆయన పేరు టెర్రీ క్రౌలీ. భాష పేరు ఉరా, పసిఫిక్ సముద్రంలో ఉన్న వనువాటు దేశంలో ఎర్రొమాంగో దీవిది. వనువాటు మొత్తం జనం మూడు లక్షల చిల్లర, భాషలు మాత్రం వందకి పైనే. అసలు ఉరాకి అంత తక్కువ మంది ఎందుకు మిగిలారో అడగండి బాబాయ్ ముందు. 19వ శతాబ్దంలో గంధపు చెక్క కోసం ఓడలొచ్చాయి, వాటితో రోగాలొచ్చాయి, 1861లో తట్టు వచ్చి ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి, ఇంకొందరు కుర్రాళ్ళని ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ చెరుకు తోటలకి ఓడలెక్కించుకుపోయారు, వేలల్లో ఉన్న జనం కాస్తా వందల్లోకి పడిపోయారు. మిగిలినవాళ్ళు పక్కవాళ్ళ సై భాషలో కలిసిపోయారు. అది ఆ భాష తప్పా?

పోతే ఏం పోతుంది అన్నారు కదా. ఫిజీ భాష చూడండి, అదీ ఉరా లాగే ఓషియానిక్ అనే పసిఫిక్ దీవుల భాషా కుటుంబమే. అక్కడ "నా" అనడానికి ఒక్క మాట చాలదు. నేను తినే దుంపకి కెంగు, నేను తాగే నీళ్ళకి మెంగు, నా ఇంటికి నోంగు, అదే అమ్మ దగ్గరికొచ్చేసరికి "నా" అనేది విడిగా నిలబడదు, అమ్మ అనే మాటకే అతుక్కుపోయి తినాంగు అవుతుంది. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

ఇంకోటి, మనం, మేము అనే తేడా మనకి ఉంది, ఇంగ్లీషుకి లేదు, వనువాటు వాళ్ళకి ఉంది. ఎక్కువగా ఇంగ్లీషు మాటలతోనే పుట్టిన వాళ్ళ ఉమ్మడి భాష బిస్లామాలో కూడా వాళ్ళు దాన్ని వదులుకోలేదు, మనం అంటే యూమీ, మేము అంటే మీఫల. వనువాటు జాతీయ గీతం పేరే యూమీ, యూమీ, యూమీ! ఆ బిస్లామాకి మంచి డిక్షనరీ రాసింది కూడా ఈ క్రౌలీయే, అంటే దేశమంతా మాట్లాడే భాషకీ, ఆరుగురు మాట్లాడే భాషకీ ఒకే మనిషి పనిచేశాడు.

నేను ఎం.ఏ.లో ఉన్నప్పుడు ఫీల్డ్‌వర్క్ టాపిక్ అడిగితే ఒక సార్ "దాంతో ఉద్యోగం రాదమ్మా" అన్నారు, నేను విని మానేశాను, ఇప్పటికీ ఆ బాధ పోలేదు. గ్రామర్ రాయాలంటే ఏళ్ళు పడుతుంది, మళ్ళీ మళ్ళీ అదే ఊరికెళ్ళాలి, వాళ్ళతో కూర్చోవాలి, తప్పులు దిద్దించుకోవాలి, ఈలోగా ఇక్కడ ఎన్ని పేపర్లు వేశావని లెక్కేస్తారు. మనం ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండ వేస్తాం కదా, ఆయన సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన సంగతి ఆ రోజు స్టేజీ మీద ఎంతమంది చెప్తారు? ఆయన్నీ ఎవరో ఒకరు ఇదే ప్రశ్న అడిగే ఉంటారు, ఆయన మాత్రం పని ఆపలేదు.

క్రౌలీ 2005 జనవరిలో వనువాటు రాజధాని పోర్ట్ విలాలో గుండెపోటుతో పోయాడు, 51 ఏళ్ళకే. అప్పటికి అదే దేశంలోని మలకులా దీవిలోని నాలుగు భాషల మీద రాసిన డ్రాఫ్టులు మిగిలిపోయాయి. స్నేహితుడు జాన్ లించ్ వాటిని సరిచేసి 2006లో నాలుగు పుస్తకాలుగా తెచ్చాడు. నమన్ భాష పుస్తకం మీద "అంతరించిపోతున్న" అని ఉంటుంది, తాపె మీద "క్షీణిస్తున్న", నెసె మీద "తగ్గిపోతున్న". నాలుగోది అవావా, దాని అట్ట మీద అలాంటి మాట లేదు.