నాలుగు కోట్ల ఏళ్ళ జిగురుకి హాల్‌మార్క్ ఉందా?

పెళ్ళయిన మగవాళ్ళ ఆర్థిక భద్రత దృష్ట్యా, పోలండ్‌లోని గ్డాన్స్క్ రేవు పట్నంలో మరియాట్స్కా వీధి మొదట్లో తెలుగులో ఒక హెచ్చరిక బోర్డు పెట్టాలని నేను చాలా సీరియస్‌గా డిమాండ్ చేస్తున్నా. వీధి చూడ్డానికి అమాయకంగానే ఉంటుంది. ఆ చివర మేరీమాత చర్చి, ఈ చివర నది, మధ్యలో అచ్చం మన పాతిళ్ళకున్నట్టు రాతి అరుగులు, వానొస్తే నీళ్ళు కక్కే రాతి మొహాలు, ఆ అరుగుల మీదా వాటి కింద నేలమాళిగల్లోనూ ఎటు చూసినా అంబరే, తేనె రంగు, నెయ్యి రంగు, బెల్లం పాకం రంగు.

అంబర్ అంటే సుమారు నాలుగు కోట్ల ఏళ్ళ కిందట చెట్టు కార్చిన జిగురు. మన గుగ్గిలానికి ముత్తాత అనుకోండి. రుద్దితే గడ్డిపరకని లాక్కుంటుందని సంస్కృతంలో తృణమణి అన్నారు, గ్రీకులు ఎలక్ట్రాన్ అన్నారు, ఎలక్ట్రిసిటీ అనే మాట అక్కణ్ణుంచే పుట్టింది. మా ఆవిడ "ఎంత బావుందో చూడండి" అంది. ఈ మూడు మాటల్లోకీ ఖరీదైంది ఇదే.

నేను వెంటనే సైంటిస్టునయిపోయా. "ఇది ఒరిజినలేనా?" అనడిగితే షాపాయన పాపం ఓపిగ్గా క్లాసు తీసుకున్నాడు. కోపల్ అని కుర్ర జిగురు ఒకటుంటుందట, నెయిల్ పాలిష్ రిమూవర్ తగిలితే జిగటవుతుంది, ముక్కలు వేడిచేసి అదిమిన రకం ఇంకోటి, లోపల రేకుల్లా మెరిసేవి చాలావరకు వేడి పెడితే వచ్చినవే. గ్లాసుడు నీళ్ళలో ఉప్పు దట్టంగా కలిపి పూస వేశాడు, తేలింది. "కొన్ని ప్లాస్టిక్కులు కూడా తేలతాయి కదా" అన్నా. ఇంకేం అడగాలో తోచక "పోనీ ఈ వీధైనా ఒరిజినలేనా?" అన్నా. నవ్వి, 1945లో ఊరి నడిబొడ్డంతా నేలమట్టమైందనీ తర్వాత పాత పద్ధతిలోనే మళ్ళీ కట్టుకున్నారనీ చెప్పాడు. వీధే రీమేక్, నేనేమో పూసని పట్టుకుని పీకుతున్నా.

ఇంకో ట్రేలో పురుగున్న ముక్క. ఇంతే ఈగ, కాళ్ళూ మీసాలూ చెక్కుచెదరలేదు. మనూళ్ళో పెసరట్టులో పురుగొస్తే బిల్లు మాఫీ, ఇక్కడ పురుగుకి ఎక్స్‌ట్రా! వెనక గదిలో పనాయన ముక్కని తిరిగే చక్రానికి ఆనిస్తుంటే పిండిలా పొడి రాలుతోంది, గదంతా గుళ్ళో సాంబ్రాణి వేసినట్టు వాసన. ఈ ఊళ్ళో అంబర్ పనివాళ్ళు 1477లోనే సంఘం పెట్టుకున్నారు, కాబట్టి "చేత్తో చేసింది" అంటే బేరం అక్కడితో ఆగిపోతుంది. అంతకు ముందైతే ఈ తీరాన్ని ఏలిన ట్యుటోనిక్ నైట్లు అనే జర్మన్ క్రైస్తవ యోధులు, అనుమతి లేకుండా అంబర్ ఏరుకున్నవాణ్ణి ఉరితీసేవారట. మరీ అంత అక్కర్లేదు గానీ, కొనేవాళ్ళకి చిన్న ఫైనన్నా ఉంటే నాకు సాకుగా పనికొచ్చేది.

ఈలోపు కాకినాడ నుంచి వీడియో కాల్.

"ఎన్ని కాసులు బాబూ?"

"చాలా తేలికండీ అత్తయ్యగారూ."

"తరుగెంత వేశాడు?"

"జిగురుకి తరుగేముంటుందండీ."

"రేపు అవసరమొస్తే తాకట్టు పెట్టుకుంటారా?"

సిగ్నల్ సరిగ్గా లేదని చెప్పా. తర్వాత కొన్నాం. ఎంతకో ఇక్కడ రాయను, మా నాన్న ఈమధ్య ఫోన్లో అన్నీ చదివేస్తున్నారు.

వేసవికి ఊరెళ్ళి అత్తయ్యగారికని తెచ్చిన విడిపూస చేతిలో పెట్టా. పరీక్ష సంగతి కూతురు ముందే చెప్పినట్టుంది, గిన్నెలో నీళ్ళు పోసి ఆవకాయకి దంచిన ఉప్పు గుప్పెళ్ళతో వేసి కలిపారు. పూస తేలింది. "చూశారా, ఒరిజినల్!" అన్నా. ఆవిడ వేలితో రెండుసార్లు ముంచారు, రెండుసార్లూ పైకొచ్చింది.

"బంగారమైతే మునిగేది బాబూ" అన్నారు.